కోఠి వీధుల్లో శుక్రవారం నుంచి సోమవారం దాకా

హైదరాబాద్ చూడ్డానికి వచ్చే చుట్టాలు చార్మినార్ దగ్గర దిగుతారు, లాడ్‌బజార్‌లో గాజులు కొంటారు, గోల్కొండ ఎక్కుతారు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబడతారు. మూసీకి ఇవతల ఉన్న కోఠి మాత్రం వాళ్లకు బస్సు మారే చోటు, మహా అయితే చీరల మీదికి జాకెట్టు ముక్కలు దొరికే చోటు. కోఠి, సుల్తాన్ బజార్, జాంబాగ్, అఫ్జల్‌గంజ్ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లిపోవచ్చు. 1857లో హైదరాబాద్ తిరగబడింది ఇక్కడే. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు తమ భాష కోసం మొదట ఒక గది వెతుక్కున్నదీ ఇక్కడే. 1908 వరద నగరాన్ని ముంచినప్పుడు ఎక్కువ దెబ్బతిన్న ఒడ్డు కూడా ఇదే. ఇంత చరిత్ర ఉన్న పేటను తీరిగ్గా చూడాలని డిసెంబర్ చలిలో నల్లగొండ నుంచి బయల్దేరాను. తోడు మా చిన్నమ్మ. ఆమె ఇక్కడి ఉమెన్స్ కాలేజీలోనే బి.ఏ. చదివింది. ఉండేది మలక్‌పేటలో కాబట్టి రాత్రికి వాళ్లింట్లోనే మకాం.

శుక్రవారం

ముందుగా అనుమతి అడిగి పెట్టుకున్నాం కాబట్టి నేరుగా పాత బ్రిటిష్ రెసిడెన్సీకే, అంటే చిన్నమ్మ చదివిన కాలేజీ ఆవరణకే వెళ్లాం. కోఠి బస్టాప్ హారన్ల మోతలోంచి గేటు దాటి లోపలికి నడుస్తుంటే చెట్లు మొదలవుతాయి, మోత తగ్గుతుంది. అప్పుడు కనిపిస్తుంది ఆ తెల్లటి భవనం. ముందు ఆరు పెద్ద కొరింథియన్ స్తంభాలు, వాటి మీద త్రికోణపు ముఖభాగం, అందులో ఈస్టిండియా కంపెనీ చిహ్నం, కింద వెడల్పాటి మెట్లు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు.

"గీ మెట్ల మీదనే కూసోని నోట్సులు రాసుకునేటోళ్లం. సింహం మీద చెయ్యేసి ఫొటో దిగని పిల్ల లేదు మా బ్యాచ్‌ల," అంది చిన్నమ్మ. చెప్తూ చెప్తూ తను కూడా సింహం దగ్గరికి వెళ్లి నిలబడింది. ఫొటో తీశాను.

ఈ భవనం కట్టించింది జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున రెసిడెంట్‌గా, అంటే ప్రతినిధిగా ఉన్నవాడు. నక్షా గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌కు చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. 1803 ప్రాంతంలో పని మొదలైంది. ఖర్చు నిజాందే. స్థలం విషయంలో ఒక కథ చెప్తారు. మొదట పెద్ద కాగితం మీద గీసిన పటాన్ని చూపిస్తే నిజాం అలీఖాన్ ఒప్పుకోలేదట. కర్క్‌పాట్రిక్ అదే పటాన్ని చిన్న కార్డు మీద గీయించి మళ్లీ తీసుకెళ్తే సరేనన్నాడట. నిజమో కాదో గానీ, కంపెనీ ఈ రాజ్యంలోకి ఎలా వచ్చిందో ఈ కథలో బాగా తెలుస్తుంది. 1798లో నిజాం కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఏడాది అక్టోబర్‌లో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి దళాన్ని, దాదాపు 14 వేల మందిని, కర్క్‌పాట్రిక్ ఆయుధాలు దింపించి రద్దు చేయించాడు. ఆ గెలుపు తర్వాత లేచినదే ఈ మేడ.

లోపల దర్బారు హాలు. ఎత్తయిన కప్పు, షాండ్లియర్లు, గోడల మీద నిలువెత్తు అద్దాలు. హాలు దాటితే మెట్ల వరస పైకెళ్తూ రెండుగా చీలి వంపు తిరుగుతుంది. నాకు దర్బారు హాలు కంటే ఆ మెట్లే ఎక్కువ నచ్చాయి. వాటి కింద నిలబడి పైకి చూస్తే కట్టినవాళ్ల చేతిపనితనం అర్థమవుతుంది. చాలా ఏళ్లు ఈ భవనం పెచ్చులూడి, కప్పు కారుతూ ఉండేది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో 2002లో దీని పేరు చేర్చింది వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్. ఆ తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి, 2023లో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. సున్నం పని శ్రద్ధగా చేశారు. పాత కట్టడానికి సిమెంటు పూయకుండా ఓపిక పట్టిన చోట ఇలా ఉంటుంది.

కర్క్‌పాట్రిక్ పేరు చెప్తే ఖైరున్నిసా పేరు కూడా చెప్పాలి. హైదరాబాద్ పెద్దింటి అమ్మాయి, పర్దాలో పెరిగింది. వాళ్లిద్దరి పెళ్లి కలకత్తాలో కంపెనీ పెద్దలను విచారణ దాకా తీసుకెళ్లింది. ఆమె కోసం భవనం వెనక రంగమహల్ అనే జనానా కట్టించాడు. పర్దాలో ఉన్న ఆమె ముందువైపుకి వచ్చి మేడను చూడలేదు కాబట్టి, దాని చిన్న నమూనాను రంగమహల్ తోటలో కట్టించి ఇచ్చాడని చెప్పుకుంటారు. రంగమహల్‌ను తర్వాతి కాలంలో కూల్చేశారు, నమూనా మాత్రం ఉంది. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ పంపించేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నిసా పిల్లల్ని మళ్లీ చూడలేదు. 1813లో హైదరాబాద్‌లోనే కన్నుమూసింది, అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. కూతురు కిట్టీ పెద్దయ్యాక, ఎన్నో ఏళ్లకు, హైదరాబాద్‌లో ఉన్న అమ్మమ్మతో ఉత్తరాలు నడిపింది. గైడ్లు దీన్ని ప్రేమకథగా చెప్పి ఆపేస్తారు. నన్ను అడిగితే, పిల్లల్ని ఓడ ఎక్కించిన తర్వాత ఆ తల్లి బతికిన ఎనిమిదేళ్లే ఈ కథలో అన్నిటికంటే బరువైన భాగం.

మధ్యాహ్నం బయటికొచ్చి 1857 స్మారకం దగ్గర ఆగాం. బస్టాప్ హడావిడిలో ఎవరూ దాని వైపు చూడరు. 1857 జూలై 17, శుక్రవారం. బుల్ధానా వైపు నుంచి పారిపోయి వచ్చిన జమేదార్ చీదాఖాన్‌ను, అతని మనుషులను దివాన్ సాలార్‌జంగ్ పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. వాళ్లను విడిపించాలని, కంపెనీని వెళ్లగొట్టాలని తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచి దాదాపు 500 మంది రోహిల్లాలతో, నగరవాసులతో రెసిడెన్సీ మీదికి వచ్చారు. పుత్లీబౌలి వైపు ఇద్దరు షావుకార్ల ఇళ్లు ఆక్రమించి అక్కణ్నుంచి కాల్పులు జరిపారు. అప్పటి రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు. మద్రాస్ ఫిరంగి దళం రాత్రంతా పేల్చింది. తెల్లారేసరికి అంతా అయిపోయింది.

తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, యావజ్జీవ ప్రవాస శిక్ష పడింది. 1859 జనవరిలో కాపలా నుంచి తప్పించుకున్నాడు. అతని తలకు 5 వేల రూపాయల వెల కట్టారు. కొద్దిరోజులకే తూప్రాన్ దగ్గర అడవిలో కాల్చి చంపి, శవాన్ని తెచ్చి ఇక్కడే జనం చూసేలా వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు, అక్కడే పోయాడు. ఆ తర్వాతే రెసిడెన్సీ చుట్టూ గట్టి గోడలు లేచాయి.

నేను చదివిన స్కూలు పుస్తకాల్లో 1857 అంటే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ. హైదరాబాద్ పేరు ఒక లైనులో కూడా రాలేదు. ఈ స్మారకం ముందు నిలబడితే అది బాగా గుచ్చుకుంటుంది. కాలేజీ పిల్లలు రోజూ వేలమంది దిగే స్టాపు ఇది. ఆ రోజు ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో తెలుగులో, ఉర్దూలో, పెద్ద అక్షరాలతో ఒక బోర్డు మీద రాసి పెడితే చాలు.

ఒక మాట మాత్రం సంతోషంగా రాయాలి. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కాలేజీ 1949లో ఈ ఆవరణలోకి వచ్చింది. 2022లో అది విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో దొరకు ఎదురు నిలిచి తన పంటను, భూమిని కాపాడుకున్న ఐలమ్మ పేరు, రెసిడెంట్లు దర్బారు తీర్చిన మేడ గేటు మీద ఉంది. చిన్నమ్మ ఆ బోర్డును రెండుసార్లు చదివింది.

శనివారం

పొద్దున్నే సుల్తాన్ బజార్. పదిన్నరకు ముందు వెళ్తే సందులు కనిపిస్తాయి, తర్వాత జనమే కనిపిస్తారు. మ్యాచింగ్ సెంటర్లు, దుపట్టాలు, లేసులు, స్టీలు సామాన్లు, పక్కనే బడీచౌడి. తలెత్తి చూస్తే పై అంతస్తుల్లో పాత చెక్క బాల్కనీలు, ఇనుప కమ్ములు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. వాటికి అడ్డంగా మెట్రో వంతెన. ఈ బజారు మీదుగా మెట్రో వద్దని వ్యాపారులు చాలాకాలం పోరాడారు. చివరికి మెట్రో వచ్చింది, 2020 ఫిబ్రవరిలో సుల్తాన్ బజార్ స్టేషన్ తెరిచారు. ప్రయాణానికి సుఖమే, మేమూ అందులోనే వచ్చాం. కానీ సందుకు ఆకాశం తగ్గింది, ఆ మాట దాచలేం.

ఈ పేట పాత పేరు రెసిడెన్సీ బజార్. రెసిడెన్సీ చుట్టూ ఉన్న ఈ వీధుల్లో నిజాం చట్టం నడిచేది కాదు. పోలీసు, కోర్టు, పన్ను అన్నీ రెసిడెంట్‌వే. 1933లో ఈ బజార్లను నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించాక సుల్తాన్ బజార్ అయ్యింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే పేట మొత్తం అర్థమవుతుంది. షావుకార్లు, బ్యాంకర్లు ఇక్కడికెందుకు చేరారంటే ఇక్కడ డబ్బు భద్రం అని. సంఘ సంస్కర్తలు ఎందుకు చేరారంటే ఇక్కడ నలుగురు కూడి మాట్లాడుకోవచ్చని. 1892లోనే సుల్తాన్ బజార్‌లో ఆర్యసమాజ్ మొదలైంది. అవతలి నిజాం ఇలాకాలో సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలి. ఆ ఆంక్షలు రానురాను బిగిసి, తర్వాతి కాలంలో 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు దాకా వెళ్లాయి.

రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. కచ్చేరీలో ఉర్దూ, చదువులో ఉర్దూ. నగరంలో చదువుకున్న తెలుగువాళ్లు కూడా నలుగురిలో తెలుగు మాట్లాడ్డానికి జంకే కాలం. అలాంటి కాలంలో 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. రెసిడెన్సీ నీడలోని ఈ ప్రాంతాన్నే ఎంచుకున్నారు. వెనక నిలిచినవాళ్లు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆదిపూడి సోమనాథరావు. అప్పటికి లక్ష్మణరావుకు పాతికేళ్లు కూడా లేవు.

ఆ నిలయం ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. దారి అడిగితే మొదటి ఇద్దరు దుకాణదారులకు తెలియలేదు, మూడో ఆయన, టైలర్, కత్తెర పక్కన పెట్టి సందు చివరిదాకా వచ్చి చూపించాడు. లోపల బీరువాలు, గోడల మీద పెద్దల చిత్రపటాలు, పాత పత్రికల బైండింగులు. నేను అక్కడ చాలాసేపు ఉండిపోయాను. చిన్నమ్మ ఒక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఎంతో ఉంది. ఈ నిలయాన్ని చూసి 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. 1906లో లక్ష్మణరావు హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపించాడు. చరిత్ర, సైన్సు, జీవిత చరిత్రలు సులభమైన తెలుగులో మామూలు పాఠకుడికి అందించాలన్నది దాని పని. తర్వాత అది మద్రాసుకు మారింది. మనం ఇవాళ తెలుగులో సైన్సు వ్యాసం చదువుతున్నామంటే ఆ వరసలో వెనక్కి వెళ్తే ఈ సందుకే వస్తాం. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి వంటివాళ్లు ఈ నిలయంతో ముడిపడి ఉన్నవాళ్లే. తెలంగాణ ప్రజా జీవితంలో పెద్దవాళ్లలో చాలామందికి మొదటి బడి ఇలాంటి రీడింగ్ రూములు.

సాయంత్రం జాంబాగ్ నడిచాం, వివేకవర్ధిని చూడ్డానికి. 1907లో మొదలైన విద్యాసంస్థ, నగరంలోని మరాఠీవాళ్ల కృషి. 1921 నవంబర్ 12న అక్కడి థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది. అధ్యక్షుడు స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన ధోండో కేశవ్ కర్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాఫీగా నడిచాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడ్డం మొదలుపెట్టగానే సభలో గోల, చప్పట్లు, ఈలలు. ఆయన ప్రసంగం సాగనివ్వలేదు. ఆ అవమానం మింగుడుపడని కొద్దిమంది ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘం పెట్టారు.

తొమ్మిదేళ్లకు, 1930లో, జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఊళ్లలో వెట్టిచాకిరి గురించి, బడుల గురించి, భూమి గురించి జనం నోరు తెరిచింది ఆ సభల్లోనే. తర్వాత అదే సంఘం రైతుల చేతుల్లోకి వెళ్లి సాయుధ పోరాటం దాకా నడిచింది. నిన్న గేటు మీద చూసిన ఐలమ్మ ఆ సంఘం మనిషే. పాలకుర్తిలో ఆమెను నిలబెట్టిన సంఘం పుట్టింది ఇక్కడ, ఆమె పేరున్న గేటుకు కాస్త నడిస్తే వచ్చే చోట. ఇది చిన్నమ్మకు చెప్తే, "మా కాలేజీల గివన్నీ ఒక్క లెక్చరర్ సుత చెప్పలే," అంది. ఆమె గొంతులో నిజమైన బాధ ఉంది.

ఆ సభలో తెలుగును ఎగతాళి చేసినవాళ్ల మీద నాకు ఇప్పుడు కోపం లేదు. మరాఠీవాళ్లు నగరంలో మనకంటే ముందే బడులు, పత్రికలు, సభలు పెట్టుకున్నారు. తెలుగువాళ్లు వాళ్లను చూసే నేర్చుకున్నారు కూడా. కర్వే సభ మన మేలు కోరిన సభే. కానీ సొంత ఊళ్లో సొంత మాట పలకనివ్వకపోతే మనిషికి ఏమవుతుందో ఆ రాత్రి చూపించింది.

ఆదివారం

ఇవాళ చరిత్రకు సగం సెలవు. కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, అక్కణ్నుంచి ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు. షట్టర్లు మూసిన దుకాణాల ముందు పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. తెలుగు పుస్తకాలు కింద ఎక్కడో ఉంటాయి, గొంతుకూర్చుని వెతకాలి. చిన్నమ్మ బేరం ఆడితే నేను నోరు తెరవలేదు.

గన్‌ఫౌండ్రీలో పాత ఫిరంగుల కార్ఖానా గోడలు చూశాం. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ కట్టించినది. కర్క్‌పాట్రిక్ రద్దు చేయించిన ఆ ఫ్రెంచి దళం నాయకుడు ఈయనే. అప్పటికి కొన్ని నెలల ముందే, 1798 మార్చిలో, చనిపోయాడు. ఇటుక గోడలు ఇళ్ల మధ్య ఇరుక్కుపోయాయి, పట్టించుకునేవాళ్లు కరువు.

మొజాంజాహీ మార్కెట్ మాత్రం కళ్లకు పండగ. 1935లో గ్రానైట్ రాయితో కట్టారు, ఏడో నిజాం రెండో కొడుకు మొజాంజా పేరు పెట్టారు. ఒకప్పుడు పళ్ల మార్కెట్. గడియారం స్తంభం కింద నుంచి రెండు రెక్కలు రెండు రోడ్ల వెంట వెళ్తాయి. రేకులు, బోర్డులు, మసి అన్నీ తీసేసి బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. సాయంత్రం రాయి రంగు మారుతుంటే సీతాఫలం ఐస్‌క్రీం తింటూ కూర్చున్నాం. పిల్లలు పరిగెత్తడానికి చోటు ఉంది, ముసలివాళ్లు కూర్చోవడానికి అరుగు ఉంది. పాత కట్టడం బతకాలంటే జనం దాన్ని వాడుతూ ఉండాలని ఇక్కడ తెలుస్తుంది.

తిరిగొస్తూ గోకుల్ చాట్ దగ్గర ఆగాం. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి 42 మంది పోయారు. వాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. మళ్లీ తెరిచారు, మళ్లీ జనం వస్తున్నారు. చిన్నమ్మ అక్కడ ఎప్పుడు తిన్నా ముందు ఒక నిమిషం కళ్లు మూసుకుంటుంది. ఎందుకని నేను అడగను.

సోమవారం

అఫ్జల్‌గంజ్. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా గింజల వ్యాపారులకు ఇచ్చిన నేల. ఇప్పటికీ హోల్‌సేలే, పక్కనే బేగంబజార్ ఎండుమిర్చి ఘాటు. అక్కణ్నుంచి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోకి వెళ్లి చింతచెట్టు ఎక్కడుందని అడిగాం. అడిగిన అటెండర్ వెంటనే, "వరద చెట్టా?" అన్నాడు. ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది. కనీసం ఇక్కడ పనిచేసేవాళ్లకు గుర్తుంది.

1908 సెప్టెంబర్ 28. మూసీ ఎగువన కుండపోత, ఒక్కో చెరువు తెగి కింది చెరువు మీద పడింది. నది పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. కోల్సావాడీ, అఫ్జల్‌గంజ్, గౌలిగూడ నీళ్ల కిందికి వెళ్లాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి, 1866లో పెట్టినది, రోగులతో సహా కొట్టుకుపోయింది. మొత్తం 15 వేల మంది పోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని కళ్లముందే పోగొట్టుకుని ఒక్కడే బతికాడు. ఈ చింతచెట్టు ఎక్కినవాళ్లు దాదాపు 150 మంది మాత్రం నీళ్లు తగ్గేదాకా కొమ్మలు పట్టుకుని బతికారు.

చెట్టు ఇంకా చిగురిస్తోంది. మాను చుట్టూ మా ఇద్దరి చేతులు కలిపినా అందలేదు. కింద ఒక పేషెంటు భార్య టిఫిన్ గిన్నె విప్పుకుని కూర్చుంది, పక్కనే ఇంకో ఇద్దరు చాప వేసుకుని పడుకున్నారు. వాళ్లతో మాట కలిపాం. ఆమెది మెదక్ వైపు ఊరు, వచ్చి వారమైందట. చిన్నమ్మ చెట్టు కథ చెప్పింది. ఆమె పైకి చూసి, "గంత మంది ఎట్ల ఆగిన్రో," అని, తర్వాత తన భర్త ఆపరేషన్ గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ వరద తర్వాతే ఇప్పటి హైదరాబాద్ పుట్టింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరం నిలవాలంటే ఎగువన నీటిని ఆపాలన్నాడు. ఆ లెక్కన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి మురికివాడలు తీసి రోడ్లు వేసింది. నది ఒడ్డున విన్సెంట్ ఎష్ నక్షాలతో హైకోర్టు, ఈ ఆస్పత్రి లేచాయి. గుమ్మటాల మేడ చూసి రాజమహలు అనుకుంటారు, కానీ కట్టింది బీదవాళ్ల వైద్యానికి. అప్పటి పాలకులు ఆ పనికి ఇంత అందం అవసరమనుకున్నారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

ఈ ఒడ్డుకు వైద్యంలో ఇంకా పాత ఘనత ఉంది. 1846లో రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ చొరవతో మొదలైన మెడికల్ స్కూలే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీ. మత్తుమందు క్లోరోఫాం ఎంత భద్రమో తేల్చడానికి 1888, 1889ల్లో ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ప్రయోగాల గురించి లండన్ వైద్యులు వాదించుకున్నారు. ఆ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తు ఇచ్చే డాక్టరుగా ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ పని చేసిన తొలి మహిళల్లో ఆమె ఒకరని ప్రపంచం ఇప్పుడిప్పుడే గుర్తిస్తోంది.

ఆ అందమైన పాత బ్లాకు ఇప్పుడు ఖాళీ. 2020 జూలై వానల్లో వార్డుల్లోకి నీళ్లొచ్చాయి, రోగుల్ని తరలించి తాళం వేశారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. రోగులకు కొత్త భవనం కావాలి, అందులో సందేహం లేదు. చింతచెట్టు కింద చాపలు చూసినవాళ్లెవరూ కాదనలేరు. కానీ పాతదాన్ని ఖాళీగా వదిలేస్తే కప్పు మీద రావిమొక్కలు పని కానిచ్చేస్తాయి. రెసిడెన్సీకి మరమ్మతులు చేయగలిగిన నగరం దీనికీ చేయగలదు. వైద్య మ్యూజియమో, నర్సింగ్ స్కూలో, ఏదో ఒకటి వెంటనే అందులో పెట్టాలి.

చివరగా పక్కనే ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆసఫియా పేరుతో ఆబిడ్స్ వైపు మొదలై, 1936లో నది ఒడ్డున ఈ రాతి భవనంలోకి వచ్చింది. వెనక మెట్ల మీద, చెట్ల కింద, వరండాల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి తెలంగాణ ఉద్యమ చరిత్ర నోట్సు బట్టీ పడుతున్నాడు. ఆంధ్ర జన సంఘం 1921 అని పైకి వినిపించింది. అది జరిగిన చోటు ఇక్కడికి దగ్గరే అని చెప్పాను. నమ్మలేదు. ఫోన్లో దారి చూపించమన్నాడు, చూపించాను. సాయంత్రం రూముకు వెళ్తూ చూస్తానన్నాడు.

గౌలిగూడ మీదుగా బస్సుకు నడిచాం. 1930 నాటి ఇనుప షెడ్డు, పాత సెంట్రల్ బస్టాండ్, 2018 జూలైలో కుప్పకూలింది, ఆ చోటు ఖాళీగా ఉంది. 1994 నుంచి ఊళ్లకు వెళ్లే బస్సులు చాలావరకు మూసీ మధ్యలోని ఎం.జి.బి.ఎస్. బస్టాండ్ నుంచే.

వెళ్లాలనుకునేవాళ్లకు: మెట్రోలో సుల్తాన్ బజార్ గానీ ఉస్మానియా మెడికల్ కాలేజీ గానీ దిగండి. రెసిడెన్సీకి ముందే అనుమతి కనుక్కోండి. ఎండాకాలం వద్దు. భాషా నిలయానికి వెళ్తే ఊరికే చూసి రాకండి, ఏదో ఒక పుస్తకం తీసి కాసేపు చదవండి, వీలైతే సభ్యత్వం కట్టండి. సెప్టెంబర్ 28న వీలుంటే చింతచెట్టు దగ్గరికి రండి. నేనూ చిన్నమ్మా వస్తాం.